శివారు పెరట్లోంచి గెలాక్సీల ఫోటోలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చుట్టూ వీధి దీపాలున్న పెరట్లోంచి గెలాక్సీలు తీయడం నిజంగా అయ్యే పనేనా?

అవుతుంది. కంటికి ఒక్క గెలాక్సీ కూడా కనిపించని ఆకాశం కింద నుంచే ఎం51 చుట్టలు, ఎం82 చీలికలు, కన్యా రాశిలో వరసకట్టిన గెలాక్సీల గొలుసు తీయొచ్చు. ఎం, ఎన్‌జీసీ అని మొదలయ్యేవి కేటలాగుల్లో గెలాక్సీలకు ఇచ్చిన సంఖ్యలు. ఎం51కి చుట్టలున్నాయని 1845లో మొదట గమనించిన లార్డ్ రాస్‌కి 72 అంగుళాల అద్దం కావలసి వచ్చింది. ఇవాళ 80 మి.మీ. టెలిస్కోపూ ఓ కలర్ కెమెరా ఉంటే ఒక్క రాత్రిలో ఆ చుట్టలు తెర మీదికి వస్తాయి.

అయితే ముందు ఒక సంగతి మనసుకు పట్టాలి. ఈ పేజీలోని మిగతా జవాబులన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. ఆకాశపు వెలుగును ఫోటోలోంచి తీసివేయొచ్చు, దాని నాయిస్‌ను, అంటే అందులోని ఊగిసలాటను మాత్రం తీసివేయలేం. ఒక పిక్సెల్‌లో ఆకాశం వల్ల 100 ఎలక్ట్రాన్లు పడతాయనుకోండి. ప్రతిసారీ కచ్చితంగా 100 పడవు. ఓసారి 92, ఓసారి 109 అలా పడతాయి. ఆ ఊగిసలాట 100కి వర్గమూలం, అంటే 10. ఆ పిక్సెల్‌లో గెలాక్సీ ఇచ్చేది 5 ఎలక్ట్రాన్లే అయితే, ఆకాశపు 100ని తీసేసినా ఆ 5, పది ఊగిసలాటలో కలిసిపోతుంది. అలాంటివి 100 ఫ్రేములు కలపండి. ఆకాశం 10,000, ఊగిసలాట 100, గెలాక్సీ 500. ఇప్పుడు గెలాక్సీ ఊగిసలాటకు ఐదింతలై పైకి తేలింది. చేసిందల్లా ఎక్కువసేపు తీయడమే.

మా ఆకాశం ఎంత వెలుగుగా ఉందో ఎలా తెలుస్తుంది?

జాన్ బోర్టెల్ 2001లో ప్రచురించిన తొమ్మిది తరగతుల కొలమానం అందరూ వాడేదే. దాని ప్రకారం శివార్లు 5, 6 తరగతుల్లోకి, నగరానికి ఆనుకున్న కాలనీలు 7లోకి, నగరం 8, 9లోకి వస్తాయి. కాకపోతే అది కంటి అంచనా. లెక్కలకు పనికొచ్చేది చదరపు ఆర్క్‌సెకనుకు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్‌సెకను) ఎన్ని మాగ్నిట్యూడ్లు (వెలుగు తగ్గేకొద్దీ అంకె పెరిగే కొలమానం) అన్న కొలత. ఎస్‌క్యూఎం అనే చిన్న మీటర్ చూపించేది అదే. అంకె పెరిగేకొద్దీ చీకటి పెరుగుతుంది. సహజమైన చీకటి ఆకాశం 22కి దగ్గర్లో ఉంటుంది, శివారు ఆకాశం సాధారణంగా 18.5 నుంచి 20 మధ్య. మీటర్ లేకపోతే ఏఎస్‌టీఏపీ అనే ఉచిత ప్రోగ్రాం మీ ఫ్రేములోని నక్షత్రాల్ని బట్టి లెక్కగట్టి చెబుతుంది.

మీ ఆకాశం 19 అనుకుందాం. గెలాక్సీలో 22 మాగ్నిట్యూడ్ వెలుగున్న భాగం ఆకాశపు వెలుగుకు 6 శాతం కలుపుతుంది. 24 ఉన్న భాగం 1 శాతమే కలుపుతుంది. బయటికి చెదిరిన పలుచటి తోకలు, అంటే 26.5 దగ్గరివి, ఆకాశంలో వెయ్యో వంతు. ఈ 6 శాతం, 1 శాతం, వెయ్యో వంతు అనే మూడు మెట్లు గుర్తుంచుకోండి. ఫ్లాట్ల (మూలల నలుపునీ దుమ్ము మచ్చల్నీ సరిచేసే ఫ్రేములు) దగ్గరా బ్యాక్‌గ్రౌండ్ సవరించే దగ్గరా మళ్లీ వస్తాయి.

ఎన్ని గంటలు తీయాలి?

22 ఆకాశం కన్నా 19 ఆకాశం 16 రెట్లు వెలుగు. గెలాక్సీ పలుచటి భాగాల విషయంలో చీకటి కొండ మీద ఒక గంటలో దొరికే నాణ్యతకి మీ పెరట్లో 16 గంటలు పడుతుంది. ఇది నిరాశపరిచే లెక్కలా ఉంటుంది కానీ పెరడు మీ ఇంటి వెనకే ఉంది. మబ్బులేని నాలుగు రాత్రులు, రాత్రికి నాలుగేసి గంటలు తీస్తే సరిపోయింది.

రెండింతల స్పష్టతకు నాలుగింతల సమయం కావాలి. 1 గంట నుంచి 4 గంటలకు వెళితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 16 నుంచి 20కి వెళితే దాదాపు ఏమీ కనిపించదు. ప్రకాశవంతమైన గెలాక్సీలకు కనీసం 4 గంటలు, చుట్టల చివర్లు కూడా శుభ్రంగా కావాలంటే 10 నుంచి 15 గంటలు పెట్టుకోవాలన్నది మా సలహా. రాత్రికో గెలాక్సీ చొప్పున పది తీసేకంటే పది రాత్రులు రెండు గెలాక్సీల మీద పెట్టడం శివారులో ఎప్పుడూ మేలు.

కాంతి కాలుష్య ఫిల్టర్ కొంటే సరిపోదా?

అందరూ మొదట అడిగేది ఇదే. గెలాక్సీలకైతే దాదాపు ఎప్పుడూ మా జవాబు వద్దనే.

వాయు నెబ్యులాలు కొన్ని రంగుల్లోనే వెలుగుతాయి కాబట్టి ఆ రంగుల్ని ఉంచి మిగతాదంతా ఆపే ఫిల్టర్ వాటికి వరం. గెలాక్సీ అంటే కోట్లాది నక్షత్రాల మొత్తం వెలుగు. అన్ని రంగులూ ఉంటాయి. పాత సోడియం దీపాల కాంతి ఎక్కువగా 589 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండేది, ఆ ఒక్క చోట కోసేస్తే సరిపోయేది. తెల్ల ఎల్‌ఈడీ అలా కాదు. 450 దగ్గర నీలి శిఖరం, ఆ తర్వాత ఎరుపు దాకా వెడల్పుగా పరుచుకున్న వెలుగు. దాన్ని ఆపే ఏ ఫిల్టరైనా గెలాక్సీనీ ఆపుతుంది.

లెక్క వేసి చూడండి. ఒక ఫిల్టర్ ఆకాశాన్ని సగానికి తగ్గించి గెలాక్సీలో 60 శాతాన్ని రానిచ్చిందనుకుందాం. వినడానికి లాభంలా ఉంటుంది. కానీ నాయిస్ ఆకాశానికి వర్గమూలం కాబట్టి సగమైన ఆకాశానికి నాయిస్ 0.71 అవుతుంది. 0.6ని 0.71తో భాగిస్తే 0.85. ఫిల్టర్ పెట్టి 15 శాతం నష్టపోయారన్న మాట. 60 శాతం గెలాక్సీ వచ్చేచోట ఆకాశం 36 శాతం కంటే కిందికి దిగితేనే ఆ ఫిల్టర్ పనికొచ్చినట్టు. ఎల్‌ఈడీల కింద అలా దిగడం అరుదు. పైగా రంగులు చెడతాయి. ఫిల్టర్ పెట్టగానే ఫ్రేము నల్లబడడం చూసి బాగుపడిందనుకుంటారు. నలుపు కాదు చూడాల్సింది, నాయిస్‌తో పోలిస్తే గెలాక్సీ ఎంత అన్నది.

కంటికి కనిపించని అతినీల, పరారుణ కాంతిని ఆపే యూవీ ఐఆర్ కట్ ఫిల్టర్ మాత్రం ఉండాలి. లెన్సు టెలిస్కోపుల్లో అది లేకపోతే నక్షత్రాలు ఉబ్బుతాయి. కెమెరా అద్దంలోనే ఆ పూత ఉందేమో ముందు చూసుకోండి.

హైడ్రోజన్ ఆల్ఫా ఫిల్టర్ సంగతేమిటి?

అది వేరే పని చేస్తుంది. హైడ్రోజన్ వాయువు ఇచ్చే సన్నటి ఎరుపు గీతను మాత్రమే రానిస్తుంది. మామూలు రంగుల ఫోటోకు అదనంగా, గెలాక్సీ చుట్టల్లోని గులాబీ రంగు నక్షత్ర జన్మస్థలాలనీ ఎం82లోంచి రెండువైపులా చిమ్మే వాయువునీ చూపిస్తుంది. శివారు నుంచి కూడా బాగా వస్తుంది. ఒక చిక్కు ఉంది. గెలాక్సీ మనకు దూరమవుతుంటే ఆ 656.3 నానోమీటర్ల గీత ఎరుపువైపు జరుగుతుంది. ఎం51 సెకనుకు సుమారు 460 కి.మీ. వేగంతో పోతోంది కాబట్టి జరుగుడు 1 నానోమీటర్. 3 నానోమీటర్ల ఫిల్టర్‌లో ఇంకా లోపలే ఉంటుంది. కన్యా రాశి గుంపులోని ఎం100 వేగం సుమారు 1,570 కి.మీ. జరుగుడు 3.4 నానోమీటర్లు. ఆ సన్నటి ఫిల్టర్‌తో ఎన్ని గంటలు తీసినా ఎం100 హైడ్రోజన్ కనిపించదు. గెలాక్సీల కోసమే కొనేవాళ్లు 7 నుంచి 12 నానోమీటర్ల వెడల్పున్నది తీసుకోవడం నయం.

ముందు ఏ గెలాక్సీలు తీయాలి?

పుస్తకాల్లో రాసే మొత్తం మాగ్నిట్యూడ్‌ను చూసి ఎంచుకోవద్దు. ఎం33 మాగ్నిట్యూడ్ 5.7, ఎం82ది 8.4. అంకె చూస్తే ఎం33 సులువనిపిస్తుంది. కానీ ఎం33 వెలుగు ఒక డిగ్రీ మేర పలచగా పరుచుకుంది, ఎం82 వెలుగంతా 11 ఆర్క్‌మినిట్ల పొడుగు సన్నటి పట్టీలో కుదించి ఉంది. శివారు నుంచి ఎం82 పది నిమిషాల్లో కనిపిస్తుంది, ఎం33 గంటలకొద్దీ ఏడిపిస్తుంది. ఎం101దీ ఇదే కథ.

మొదటి వరసలో ఎం82, పక్కనే ఎం81, ఎం51, ఎం104, ఎం94, ఎం64, ఎం63, ఎం106 పెట్టుకోండి. పక్కవాటంగా కనిపించే ఎన్‌జీసీ 4565 కూడా చక్కగా వస్తుంది, మధ్యలో నల్లటి ధూళి గీతతో సహా. దక్షిణ ఆకాశం బాగా కనిపించే చోట్ల ఎన్‌జీసీ 253, సెంటారస్ ఏ రెండూ ఉదారంగా వెలుగిస్తాయి. ఎం31 వింతైనది. దాని కేంద్రం ఎవరికైనా వస్తుంది, కానీ మూడు డిగ్రీల పొడుగంతా, బయటి నీలి చుట్టలతో సహా రావడం ఈ జాబితాలో అన్నింటికంటే కష్టం. అది ఫ్రేమంతా నిండిపోతుంది కాబట్టి ఏది ఆకాశపు వెలుగో ఏది గెలాక్సీయో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు.

ఏ నెలల్లో, ఏ వేళ?

పాలపుంత ధూళి అడ్డు లేని దిక్కులో గెలాక్సీలు ఎక్కువ కనిపిస్తాయి. ఫిబ్రవరి నుంచి మే వరకు సప్తర్షి మండలం, సింహ, కన్యా రాశులు రాత్రి నడినెత్తికి దగ్గరగా వస్తాయి. ఎం31, ఎన్‌జీసీ 891, ఎన్‌జీసీ 7331, ఎన్‌జీసీ 253 సెప్టెంబరు నుంచి డిసెంబరు మధ్య అందుతాయి.

గెలాక్సీ 40 డిగ్రీల కంటే పైకి వచ్చాకే మొదలుపెట్టండి. 30 డిగ్రీల ఎత్తులో దాని కాంతి నడినెత్తిన ఉన్నప్పటికంటే రెండింతల గాలిని దాటి రావాలి. ఊరి వెలుగు కూడా దిగువనే పోగుపడి ఉంటుంది. అర్ధరాత్రి దాటాక ఇళ్ల దీపాలు, దుకాణాల బోర్డులు ఆరిపోయి ఆకాశం కాస్త నల్లబడుతుంది. వాన వెలిసిన మర్నాటి రాత్రి గాలిలో దుమ్ము కడిగేసి ఉంటుంది కాబట్టి ఆ రాత్రిని వదలొద్దు.

చంద్రుడి గురించి శివారువాళ్లు మరీ బెంగపడక్కర్లేదు. ఇప్పటికే వెలుగున్న ఆకాశానికి సగం చంద్రుడు కలిపేది చీకటి కొండ మీద కలిపినంత నష్టం కాదు. 60 డిగ్రీల దూరంలో ఉంటే ఎం82 లాంటివి తీసుకోవచ్చు.

టెలిస్కోప్, కెమెరా, మౌంట్: దేనికి ముందు ఖర్చుపెట్టాలి?

మౌంట్‌కి, అంటే టెలిస్కోప్‌ను మోస్తూ ఆకాశంతో పాటు తిప్పే యంత్రానికి. తయారీదారు చెప్పే బరువు పరిమితిలో సగం, మహా అయితే మూడింట రెండు వంతులు మాత్రమే ఎక్కించండి. మంచి మౌంట్ మీద 80 మి.మీ. టెలిస్కోప్ ఇచ్చే ఫోటో, ఊగే మౌంట్ మీద 200 మి.మీ. టెలిస్కోప్ ఇవ్వదు.

ఫోకల్ పొడవు ఎంచుకోవడానికి ఒక లెక్క. పిక్సెల్ సైజును మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, ఫోకల్ పొడవుతో, అంటే మి.మీ.లలో ఉన్నదానితో భాగించండి. ఒక్కో పిక్సెల్‌కు ఎన్ని ఆర్క్‌సెకన్లో వస్తుంది. 3.76 మైక్రాన్ల పిక్సెల్ ఉన్న కెమెరా 800 మి.మీ. టెలిస్కోప్‌కు బిగిస్తే 0.97, 500 మి.మీ.కి 1.55. గాలి కదలిక వల్ల నక్షత్రం ఎలాగూ 2 నుంచి 4 ఆర్క్‌సెకన్లకు పరుచుకుంటుంది కాబట్టి 1 నుంచి 1.5 మధ్య ఉంటే చాలు. ఇంకా సన్నగా వెళితే ప్రతి పిక్సెల్‌కూ వెలుగు తగ్గుతుందే తప్ప వివరం పెరగదు. 0.97 దగ్గర ఎం51 సుమారు 680 పిక్సెళ్ల పొడుగు వస్తుంది. తెర మీద చూసుకోవడానికి మంచి సైజు.

శివారుకు మా మొదటి ఎంపిక 150 లేదా 200 మి.మీ. ఎఫ్/4, ఎఫ్/5 న్యూటోనియన్ (అద్దాల టెలిస్కోప్), అంచుల్లో సాగే నక్షత్రాల్ని సరిచేసే కోమా కరెక్టర్‌తో. రెండు అద్దాల్నీ సరిగ్గా కుదిర్చే పని తరచూ చేయాలి, అదొక్కటే దాని భారం. మోనో (రంగులు వేరుచేయని) కెమెరా ఉంటే లూమినెన్స్‌కు, అంటే అన్ని రంగుల వెలుగూ కలిపి తీసేదానికి, సగం సమయం, మిగతా సగాన్ని ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు సమంగా పంచండి. లూమినెన్స్‌ను గెలాక్సీ ఎత్తుగా ఉన్న గంటల్లో తీయండి. కలర్ కెమెరాతో పని తేలిక. మొదలుపెట్టేవాళ్లు దాంతోనే మొదలుపెట్టాలి.

ఒక్కో ఫ్రేము ఎంతసేపు?

చాలామంది అనుకునేదానికంటే తక్కువసేపు. కెమెరా చదివేటప్పుడు తనే కలిపే రీడ్ నాయిస్‌ను ఆకాశపు నాయిస్ ముంచేసేదాకా తీస్తే చాలు. రీడ్ నాయిస్ వర్గానికి పదింతల ఎలక్ట్రాన్లు ఆకాశం నుంచి పడితే రీడ్ నాయిస్ వల్ల మొత్తం నాయిస్ 5 శాతమే పెరుగుతుంది. అంతకుమించి పొడిగించి లాభం లేదు.

మీ కెమెరాతోనే చూసుకోండి. 60 సెకన్ల ఫ్రేము ఒకటి తీసి, బ్యాక్‌గ్రౌండ్ మీడియన్ చూడండి. 980 వచ్చిందనుకుందాం. అదే గెయిన్‌లో (కెమెరా సంకేతాన్ని పెంచే సెట్టింగు) మూత పెట్టి అతి తక్కువ సమయం తీసిన బయాస్ ఫ్రేము మీడియన్ 500. తేడా 480. ఆ గెయిన్‌లో ఒక్కో అంకెకు 0.25 ఎలక్ట్రాన్లయితే 60 సెకన్లలో పడ్డది 120 ఎలక్ట్రాన్లు, సెకనుకు 2. రీడ్ నాయిస్ 1.5 అయితే దాని వర్గం 2.25, పదింతలు 22.5. అంటే 11 సెకన్లకే సరిపోయింది. 14 బిట్ల కెమెరా ఫైలులో అంకెల్ని 4తో గుణించి రాస్తుంటే ముందు 4తో భాగించడం మరవొద్దు. ఈ లెక్క తప్పేది ఎక్కువగా అక్కడే.

11 సెకన్లు చాలంటే 11 సెకన్లే తీయమని కాదు. 26 మెగాపిక్సెళ్ల కెమెరా ఒక్కో ఫ్రేముకు 52 మెగాబైట్లు రాస్తుంది. 30 సెకన్ల ఫ్రేములతో గంటకు 6 గిగాబైట్ల పైనే, 60 సెకన్లయితే అందులో సగం. స్టాకింగ్, అంటే ఫ్రేములన్నీ కలపడం, చేసే కంప్యూటర్‌ను బట్టి 30, 60 సెకన్లలో ఒకటి ఎంచుకోండి. 300 సెకన్లు మాత్రం వద్దు. నక్షత్రాల మధ్యభాగాలు తెల్లగా మాడిపోతాయి, ఎం82 కేంద్రం కాలిపోతుంది, గాలి ఒక్కసారి కొడితే ఐదు నిమిషాలూ పోతాయి.

డీఎస్‌ఎల్‌ఆర్ అయితే ఐఎస్‌ఓ 800 లేదా 1600 పెట్టి, కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్ గుట్ట ఎడమ అంచు నుంచి విడిపోయి పావు నుంచి మూడో వంతు దాకా వచ్చేలా చూసుకోండి.

గైడింగ్ తప్పనిసరా?

గైడింగ్ అంటే ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంట్‌ను సరిదిద్దుతూ ఉండడం. 500 మి.మీ. లోపు, 30 సెకన్ల ఫ్రేములైతే మంచి మౌంట్‌కి అక్కర్లేదు. అంతకుమించితే కావాలి. కానీ గైడింగ్ కంటే ముఖ్యమైనది డిథరింగ్. ప్రతి మూడు నాలుగు ఫ్రేములకు ఒకసారి టెలిస్కోప్‌ను 5 నుంచి 10 పిక్సెళ్లు యాదృచ్ఛికంగా జరపడం. అలా చేయకపోతే కెమెరాలోని స్థిరమైన మచ్చలు ఆకాశం జరిగే దిశలో వాన చారల్లా పడతాయి. శివారులో బ్యాక్‌గ్రౌండ్‌ను బాగా లాగి చూపిస్తాం కాబట్టి ఆ చారలు ఇక్కడ మరింత బయటపడతాయి. ఎన్ని గంటలు కలిపినా పోవు.

పక్కింటి దీపం నేరుగా టెలిస్కోప్ మీద పడుతోంది. ఏం చేయాలి?

ఆకాశంలో పరుచుకున్న వెలుగు మన చేతిలో లేదు, నేరుగా పడే వెలుగు మన చేతిలోనే ఉంది. దీపానికీ టెలిస్కోప్ నోటికీ మధ్య ఏదైనా అడ్డు రావాలి. ప్లాస్టిక్ పైపులతో చట్రం కట్టి నల్లటి మందపాటి గుడ్డ వేలాడదీస్తే చాలు. దాని ఎత్తు టెలిస్కోప్ నోటిని దాటాలి. గాలికి పడకుండా అడుగున ఇసుక బస్తా కట్టండి. డ్యూ షీల్డ్ పొడవు టెలిస్కోప్ వ్యాసానికి ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండాలి, లోపల నల్లటి ఫెల్ట్ అంటించండి.

న్యూటోనియన్లలో వెలుగు ముందు నుంచే కాదు, వెనక పెద్ద అద్దం చుట్టూ ఉన్న సందుల్లోంచి, ఫోకసర్ గొట్టం పక్కనుంచి కూడా దూరుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్‌లో వ్యూఫైండర్ కంటి రంధ్రంలోంచి దూరుతుంది. పరీక్ష ఇలా. టెలిస్కోప్‌కు మూత పెట్టి 60 సెకన్ల ఫ్రేము తీయండి. తర్వాత ఒకరు వెనకవైపు, ఫోకసర్ వైపు టార్చి వేస్తుండగా ఇంకొకటి తీయండి. రెండింటినీ ఒకే స్ట్రెచ్‌తో (మసక భాగాల్ని వెలుగుగా చేసి చూపడం) పక్కపక్కన పెట్టి చూడండి. రెండో దాంట్లో ఒక మూల తెల్లబడితే అక్కడే చిల్లు ఉంది. నల్ల గుడ్డ చుట్టి రబ్బరు బ్యాండు వేస్తే పోతుంది. యూఎస్‌బీ హబ్, మౌంట్ మీద మెరిసే బుల్లి దీపాలకు నల్ల టేపు అంటించండి.

ఫ్లాట్లు నిజంగా అంత ముఖ్యమా?

శివారులో అంతకంటే ముఖ్యమైనది లేదు. ఇందాకటి మెట్లు గుర్తుతెచ్చుకోండి. 19 ఆకాశంలో 24 మాగ్నిట్యూడ్ చుట్ట ఆకాశానికి 1 శాతం కలుపుతుంది. మీ ఫ్లాట్ 1 శాతం తప్పితే ఆ తప్పు సరిగ్గా ఆ చుట్టంత పెద్దదన్న మాట. చీకటి చోట అదే తప్పు కనిపించనే కనిపించదు, ఎందుకంటే అక్కడ ఆ తప్పు పడే ఆకాశపు వెలుగే తక్కువ. ఫ్లాట్లు లేకుండా పదిహేను గంటలు తీసినవాళ్లు చివరికి దుమ్ము మచ్చల ఉంగరాల్ని తీసివేయడంలో గెలాక్సీ అంచుల్ని కూడా తుడిచేస్తారు.

చేసే పద్ధతి. రాత్రి తీయడం అయ్యాక కెమెరాను తిప్పకుండా, ఫోకస్ ముట్టుకోకుండా టెలిస్కోప్‌ను నిలువుగా పైకి పెట్టండి. తెల్లటి నూలు గుడ్డను రెండు మడతలుగా నోటి మీద పరిచి, ముడతల్లేకుండా లాగి రబ్బరు బ్యాండు వేయండి. పైన ఎల్‌ఈడీ ట్రేసింగ్ ప్యానెల్, లేదా తెల్లటి తెర పెట్టిన టాబ్లెట్ బోర్లించండి. మీడియన్ పూర్తి స్థాయిలో 40 నుంచి 50 శాతం వచ్చేలా సమయం సరిచేయండి. ప్యానెల్ మరీ వెలుగుగా ఉండి సెకనులో వందో వంతు చాలుతోందంటే మధ్యలో తెల్ల కాగితాలు పెట్టి ఒకటి రెండు సెకన్లకు తీసుకురండి, లేకపోతే ఎల్‌ఈడీ రెపరెపలు పట్టీలుగా పడతాయి. 30 ఫ్రేములు తీయండి. తర్వాత ప్యానెల్ తీసేసి మూత పెట్టి, అదే సమయంతో 30 డార్క్ ఫ్లాట్లు తీయండి.

ఫ్లాట్ వేశాక మూలలు మిగతా ఫ్రేముతో సమానంగా ఉండాల్సింది పోయి తెల్లబడితే కారణం దాదాపు ఈ రెండింటిలో ఒకటి. మామూలు ఫ్రేముల్లోంచి డార్క్‌లు తీసివేయలేదు, లేదా మామూలు ఫ్రేముల్లోకి పక్క నుంచి వెలుగు దూరింది.

డార్క్‌లు?

కెమెరా సొంత మచ్చల్ని తీసివేయడానికి మూత పెట్టి తీసే ఫ్రేములివి. కూలింగ్ ఉన్న కెమెరాకు అదే ఉష్ణోగ్రత, అదే గెయిన్, అదే సమయంతో 30. ఒకసారి తీసి దాచుకుంటే నెలల తరబడి పనికొస్తాయి. కూలింగ్ లేకపోతే ఆ రాత్రే చివర్లో తీయండి.

స్టాకింగ్, ప్రాసెసింగ్ ఏ వరసలో చేయాలి?

ముందు ఫ్రేముల్ని ఏరండి. బ్యాక్‌గ్రౌండ్ ఉన్నట్టుండి పెరిగినవి, నక్షత్రాల సంఖ్య పడిపోయినవి మబ్బు పట్టినవి, తీసేయండి. తర్వాత డార్క్, ఫ్లాట్ సవరింపు. ఆ తర్వాత, కలపడానికి ముందే, ప్రతి ఫ్రేములోనూ గ్రేడియంట్‌ను, అంటే ఒకపక్క నుంచి ఇంకోపక్కకు మారే ఊరి వెలుగును, మొదటి డిగ్రీతో (తిన్నని వాలుగా) తీసేయడం శివారువాళ్లకు చాలా ఉపకరిస్తుంది. రాత్రి గడిచేకొద్దీ గెలాక్సీ తూర్పు నుంచి పడమరకు జరుగుతుంది, ఊరి వెలుగు ఫ్రేములో ఒక మూల నుంచి ఇంకో మూలకు పాకుతుంది. విడివిడిగా ఒక్కో ఫ్రేములో అది సరళమైన వాలు. అన్నీ కలిపాక వంకర్లు తిరిగిన దుప్పటి అవుతుంది, దాన్ని సరిచేయడం కష్టం. సిరిల్ అనే ప్రోగ్రాంలో ఈ పని మొత్తం వరస మీద ఒక్కసారిగా చేయొచ్చు.

కలిపేటప్పుడు సిగ్మా క్లిప్పింగ్ (మిగతా ఫ్రేములతో పొసగని పిక్సెళ్లను వదిలేయడం) పెట్టండి, ఉపగ్రహాల గీతలు వాటంతట అవే పోతాయి. కనీసం 20 ఫ్రేములుంటేనే అది నమ్మకంగా పనిచేస్తుంది. కలిపాక అంచులు కత్తిరించి, మిగిలిన గ్రేడియంట్ తీసి, నక్షత్రాల కేటలాగుతో రంగులు కుదిర్చి, అప్పుడు స్ట్రెచ్ చేయండి. గ్రేడియంట్ ఉండగానే రంగులు కుదిరిస్తే ఒకపక్క ఎరుపు, ఒకపక్క ఆకుపచ్చ తేలుతాయి.

గెలాక్సీ చుట్టూ నల్లటి వలయం వస్తోంది. ఎందుకు?

బ్యాక్‌గ్రౌండ్ నమూనా బిందువులు గెలాక్సీ వెలుగు మీద పడ్డాయి. సాఫ్ట్‌వేర్ ఆ వెలుగును కూడా ఊరి వెలుగే అనుకుని తీసేసింది. ఎం51ని తీసుకోండి. స్ట్రెచ్ చేయని ఫోటోలో దాని పక్కనున్న చిన్న గెలాక్సీ ఎన్‌జీసీ 5195 చుట్టూ ఆకాశం ఖాళీగా ఉన్నట్టే ఉంటుంది. గట్టిగా స్ట్రెచ్ చేస్తే దాని పైనుంచీ పక్కలనుంచీ పొగలాంటి వెడల్పాటి వెలుగు చెదిరి ఉంటుంది, రెండు గెలాక్సీల పెనుగులాటలో బయటపడ్డ నక్షత్రాలవి. ఖాళీ అనుకుని అక్కడ ఒక్క బిందువు పెట్టినా ఆ పొగంతా పోయి దాని చోట నల్లటి గుంట మిగులుతుంది.

అందుకని ఆటోమేటిక్ బిందువుల్ని నమ్మొద్దు. కనిపించే గెలాక్సీ సైజుకు రెండింతల వలయంలో ఉన్న బిందువులన్నీ చేత్తో తీసేయండి. తక్కువ డిగ్రీ వాడండి, 1 లేదా 2. గ్రాఎక్స్‌పర్ట్ లాంటి ప్రోగ్రాములు చాలాసార్లు బాగా చేస్తాయి కానీ తీసేసిన బ్యాక్‌గ్రౌండ్‌ను విడిగా చూపించమని అడిగి చూడండి. అందులో గెలాక్సీ ఆకారం లీలగా కనిపిస్తే అది మీ గెలాక్సీనే తినేసింది. ఫోటో తీసేటప్పుడే గెలాక్సీ చుట్టూ సరిపడా ఖాళీ ఆకాశం వదిలితే ఈ తలనొప్పి సగం తగ్గుతుంది.

నక్షత్రాలు రాత్రి మొదట్లో బాగుండి, తర్వాత ఉబ్బుతున్నాయి.

మూడు కారణాలు. చలికి గొట్టం కుంచించి ఫోకస్ జరిగింది, లేదా అద్దం మీద మంచు పట్టింది, లేదా గెలాక్సీ కిందికి దిగింది. మొదటిదానికి గంటకోసారి, లేదా రెండు డిగ్రీలు చల్లబడ్డప్పుడల్లా ఫోకస్ సరిచేయండి. రెండోదానికి హీటర్ పట్టీ, న్యూటోనియన్‌లో చిన్న అద్దం వెనక కూడా. మంచు పట్టిన ఫ్రేముల్లో నక్షత్రాల చుట్టూ మసక కాంతి ఉంటుంది, చూస్తే పోల్చుకోవచ్చు.

పెరట్లోంచి ఎంత దూరం పోవచ్చు?

ఇక్కడ ఒక సంతోషం ఉంది. శివారు ఆకాశం పలచటి వెలుగును మింగుతుంది కానీ చుక్కలాంటి వెలుగును అంతగా మింగలేదు. దూరం పెరిగేకొద్దీ గెలాక్సీలు చిన్నవై చుక్కలకు దగ్గరవుతాయి. అందుకే ఎన్‌జీసీ 7331కి అర డిగ్రీ దూరంలో ఉన్న స్టెఫాన్ ఐదు గెలాక్సీల గుంపు, ఎడ్వార్డ్ స్టెఫాన్ 1877లో కనుగొన్నది, 200 మి.మీ. టెలిస్కోప్‌తో పెరట్లోంచి విడివిడిగా తేలుతుంది. వాటిలో నాలుగు దాదాపు 29 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, నీలిగా కనిపించే ఐదోది, ఎన్‌జీసీ 7320, 4 కోట్ల దగ్గర మాత్రమే. ఆ రంగు తేడా మీ ఫోటోలో రావాలంటే 6 గంటలైనా కలపండి.

ఇంకా దూరం కావాలంటే క్వాసార్లు, అంటే చుక్కల్లా కనిపించే అతి దూరపు గెలాక్సీల ప్రకాశవంతమైన కేంద్రాలు. కన్యా రాశిలోని 3సీ 273 మాగ్నిట్యూడ్ 12.9. దాని వర్ణపటంలోని గీతలు ఎంతగా ఎరుపుకు జరిగాయో 1963లో మార్టెన్ ష్మిట్ గుర్తించాడు. సుమారు 200 కోట్ల ఏళ్లు ప్రయాణించిన ఆ కాంతి ఒక్క 60 సెకన్ల ఫ్రేములో పడుతుంది. లింక్స్ రాశిలోని ఏపీఎం 08279+5255 మాగ్నిట్యూడ్ 15 దాటి ఉంటుంది. దాని కాంతి సుమారు 1200 కోట్ల ఏళ్ల నాటిది, మధ్యలో ఓ గెలాక్సీ భూతద్దంలా పెద్దది చేయబట్టే మనకందుతోంది. గంట స్టాక్‌లో స్పష్టంగా వస్తుంది. రెండూ మామూలు నక్షత్రాల్లాగే కనిపిస్తాయి కాబట్టి స్టాక్‌ను ప్లేట్ సాల్వ్ చేసి (నక్షత్రాల్ని బట్టి ఫోటో ఆకాశంలో ఎక్కడిదో తేల్చి), నిరూపకాలు కొట్టి, సరిగ్గా ఏ చుక్కో గుర్తు పెట్టుకోండి. పక్క చుక్కను క్వాసార్ అనుకోవడం చాలా తేలిక.